పాత బెంజి కారు చవకేనా?

అమలాపురం: సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో ముగ్గులకన్నా ముందు కార్లు కనిపిస్తాయి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, పైదేశాల నుంచి దిగినవాళ్లు అద్దెకు తెచ్చుకున్నవి కొన్ని, సొంతవి కొన్ని. కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటకు ప్రభలు కదిలే వేళకు దారి పొడవునా కార్ల బారు ఆగిపోయి వుంటుంది. ఎవరింటి ముందు ఏ కారు ఆగిందో వూరంతా గమనిస్తుంది. పండగ అయ్యాక కార్లు వెళ్లిపోతాయి. వాటిమీద మోజు మాత్రం వూళ్లోనే వుండిపోతుంది.

ఆ మోజు ఇప్పుడు బెంజి, బి.ఎం.డబ్ల్యూ., ఆడి దాకా వచ్చింది. అందులోనూ చిన్న రకం కాదు. ఆయా కంపెనీలు తమ పేరు నిలబెట్టుకోవడానికి తయారుచేసే అన్నిటికన్నా పెద్ద కారు. బెంజిలో ఎస్ క్లాసు, బి.ఎం.డబ్ల్యూ.లో 7 సిరీసు, ఆడిలో ఎ-8. ఇవి నడిపేవాడికన్నా వెనక సీట్లో కూర్చునేవాడి కోసం చేసిన కార్లు. కొత్తది కొనే స్తోమత కొద్దిమందికే. పాతది మాత్రం ‘ఇన్నోవా ధరకే బెంజి’ అన్న మాటతో రైతుల గుమ్మం దాకా వస్తోంది.

ఒక రైతు సంగతి తీసుకుందాం. అంబాజీపేట చుట్టుపక్కల ఒక వూరు అనుకుందాం. ఆరెకరాల కొబ్బరి తోట, పెద్దబ్బాయి అమెరికాలో, ఫాల్గుణంలో అమ్మాయి పెళ్లి. అబ్బాయి పంపినవీ, బ్యాంకులో వేసుకున్నవీ కలిపి చేతిలో 30 లక్షలు వున్నాయి. పెళ్లికి, ఆపైన రాకపోకలకు ఒక కారు కొనాలి. ఇంతలో బ్రోకరు వచ్చి సెల్‌ఫోనులో ఫోటో చూపిస్తాడు. “ఆయ్, కోటీ అరవై లక్షల కారండి. ఒక్క డాక్టరు గారు వాడిన బండి. తవరు వూఁ అంటే పాతిక లక్షలకు ఇప్పిస్తాను” అంటాడు. పాత కార్లన్నీ డాక్టర్లే ఎందుకు వాడతారో ఆ బ్రోకర్లకే తెలియాలి.

ఆరెకరాలంటే, ఎకరానికి 60 చెట్లు, చెట్టుకు ఏడాదికి 90 కాయల లెక్కన, ఏడాది దింపు 32,400 కాయలు. కాయ 15 రూపాయలకు పోయిందనుకున్నా 4 లక్షల 86 వేలు. దింపు కూలి, ఎరువు, వలుపు ఖర్చు ఇందులోంచే పోవాలి. ధర పడిపోయిన ఏడు, తెల్లదోమ పట్టిన ఏడు అదీ వుండదు. అంటే ఆ పాతిక లక్షల కారు ఆ రైతుకు ఐదేళ్ల దింపు. లెక్క అక్కడితో ఆగితే ఫరవాలేదు. ఆగదు.

అంబాసిడర్ రోజులు

1970, 80లలో ఈ ప్రాంతంలో పెద్ద కారంటే అంబాసిడరే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాతో హిందుస్తాన్ మోటార్సు వారు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారుచేసేవారు. 1950ల చివర మొదలైన ఆ కారు 2014 మేలో ఆగిపోయింది. 1984లో అదే కంపెనీ కాంటెస్సా అనే పొడవాటి కారు తెచ్చింది. అప్పట్లో అదే గొప్ప. వంతెన లేని రోజుల్లో యానాం వైపు వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో కారును పంటు ఎక్కించవలసి వచ్చేది. 2002లో బాలయోగి వారధి వచ్చాక ఆ అవస్థ తప్పింది.

అప్పట్లో కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. అందుకని చేతికందే పాత కారుకు మంచి గిరాకీ. ఆ పాతదాన్ని కొనడానికి భయపడేవారూ తక్కువే. బండి దారిలో ఆగితే డ్రైవరే బానెట్టు ఎత్తి, కార్బురేటరు విప్పి, గుడ్డతో తుడిచి బిగించేవాడు. అతనివల్ల కాకపోతే వూళ్లో మెకానిక్కు వుండేవాడు. సామాను అమలాపురంలో దొరక్కపోతే రాజమండ్రిలో దొరికేది.

పాత బెంజిని కూడా అదే కళ్లతో చూడడంలోనే పొరపాటు వుంది. బెంజిలో ఎస్ క్లాసు అన్న పేరు 1972లో వచ్చింది. సడన్ బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ను 1978లో ఆ కారుతోనే బయటకు తెచ్చారు. ప్రమాదంలో ముఖానికి అడ్డుపడే గాలిసంచి 1981లో ఆ కార్లలోనే వచ్చింది. కొత్త విద్య ఏదైనా ముందు పెద్ద కారులో పెట్టి, తర్వాత చిన్నవాటికి దించడం ఆ కంపెనీల ఆనవాయితీ. దానివల్ల పదేళ్ల నాటి పెద్ద కారులో కూడా డజన్లకొద్దీ చిన్న కంప్యూటర్లు వుంటాయి. సీటు జరపడానికి ఒకటి, తలుపు మెత్తగా మూసుకోవడానికి ఒకటి, గాలి సస్పెన్షనుకు ఒకటి. ఇందులో ఏది పలకకపోయినా గుడ్డతో తుడిస్తే బాగుపడదు. దాని భాష చదివే యంత్రం కావాలి. ఆ యంత్రమున్న కంపెనీ వర్క్‌షాపు విజయవాడ, విశాఖపట్నం వంటి పెద్ద నగరాలకు వెళితే గాని వుండదు. కారు కదలకపోతే లారీమీద ఎక్కించి పంపాలి. ఆ లారీ కిరాయి దగ్గరనుంచే ఖర్చు మొదలవుతుంది.

ఇంకొక మాట గ్రహించాలి. కారు పాతబడినప్పుడు దాని ధర తగ్గుతుంది కాని, దాని సామాను ధర తగ్గదు. పాతిక లక్షలకు కొన్న కారుకైనా కోటిన్నర కారు విడిభాగాలే వేయాలి. గేరుబాక్సో, గాలి సస్పెన్షనో మూలపడితే బిల్లు లక్షల్లోనే వస్తుంది. ఆరెకరాల రైతుకు అది ఒక ఏడాది దింపు.

కొత్తదైతే?

కొత్తది కొంటే ఈ భయాలు లేవు. గ్యారంటీ వుంటుంది, చరిత్ర తెలుసు. దాని బాధ వేరు. పుణె దగ్గర చకన్‌లో తయారైన ఎస్ క్లాసును 2021 అక్టోబరులో 1 కోటి 57 లక్షల ధరతో విడుదల చేశారు. 2023 జనవరిలో వచ్చిన 7 సిరీసు ధర 1 కోటి 70 లక్షలు. ఇవి షోరూం ధరలు. జీవితకాల పన్ను, బీమా వీటికి అదనం. కారు ఖరీదు పెరిగిన కొద్దీ పన్ను శాతం కూడా పెరుగుతుంది. అమ్మేటప్పుడు ఆ పన్నును కొనేవాడు విడిగా లెక్కకట్టి ఇవ్వడు.

ఇలాంటి కార్ల విలువ మూడు నాలుగేళ్లలో సగం దాకా పడిపోవడం పరిపాటి. కోటీ అరవై లక్షల కారుమీద 80 లక్షలు. వెనక సీట్లో కూర్చుని విజయవాడ వెళ్లి వచ్చినందుకు అది మన రైతు తోటలో పదహారేళ్ల దింపు. వ్యాపారం పేరుమీద కొని, అరుగుదల ఖర్చును ఆదాయపు పన్ను లెక్కల్లో చూపుకునే కంపెనీలకు ఇది గిట్టుబాటు కావచ్చు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రానికి ఆదాయపు పన్నే కట్టని రైతుకు ఆ వెసులుబాటు దేనికీ కొరగాదు. మొదటి యజమాని మోసిన ఆ నష్టమే రెండో యజమానికి చవకగా కనిపిస్తుంది. పాత కారు కొనేవారి వాదనలో బలమంతా ఇక్కడే వుంది. అందులో నిజం లేకపోలేదు. నాలుగేళ్లు వాడిన మంచి కారు, సర్వీసు పుస్తకంతో, కంపెనీవారే పరీక్షించి మళ్లీ గ్యారంటీ ఇచ్చి అమ్మేది దొరికితే, డబ్బున్నవాడు కొత్తదాని జోలికి వెళ్లనక్కరలేదు. కాని అది పాతిక లక్షలకు రాదు. పాతిక లక్షలకు వచ్చేది పదేళ్లు దాటినదో, ఏదో కథ దాచుకున్నదో.

బేరమాడేవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన సెస్సు అనే పద్ధతి పోయి ఒకటే 40 శాతం అయింది. కొత్త కార్ల ధర కొంత దిగింది. కొత్తది దిగినప్పుడు పాతది కూడా దిగాలి. పాత రేటు చెప్పే బ్రోకరును ఈ సంగతి అడగవచ్చు.

నీట మునిగిన కారు

కోనసీమవారికి నీరంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు వున్నారు. 2022 జూలైలో లంకలు మళ్లీ మునిగాయి. కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త ఇంచుమించు ఏటా వస్తుంది. ఇంట్లోకి వచ్చిన వరద నీరు గోడమీద గీత వదిలి వెళ్లినట్టే, కారులోకి వచ్చిన నీరు కూడా గుర్తు వదులుతుంది. చూడడం తెలియాలి అంతే.

2015 డిసెంబరులో మద్రాసు మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగుళూరు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ప్రతిసారీ ఖరీదైన కార్లు నీళ్లలో నానిపోయాయి. బాగుచేయడం దండగ అనుకున్న కార్లకు బీమా కంపెనీలు సొమ్ము చెల్లించి, వాటిని వేలంలో అమ్మేస్తాయి. కొన్నవాడు కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త తోలు వేయించి మళ్లీ రోడ్డెక్కిస్తాడు. నాలుగు రాష్ట్రాలు దాటేసరికి అది ‘డాక్టరు గారి బండి’ అవుతుంది.

అంబాసిడరైతే నీట మునిగినా ఇంజను విప్పి నూనె మార్చి నడిపించుకునేవారు. ఈ కార్లలో బ్యాటరీ డిక్కీలో వుండవచ్చు, కంప్యూటరు పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ల కింద వుంటాయి. ఇంజను దాకా నీరు రాకపోయినా, పాదం మునిగేంత నీరు లోపలికి వస్తే చాలు. అప్పటికి ఏమీ తెలియదు. ఏడాది తర్వాత ఒక్కొక్క దీపం వెలగడం మొదలవుతుంది.

కొనేముందు సీటు బెల్టును చివరంటా బయటికి లాగి చూడాలి. చివర మట్టిచార గాని, బూజు గాని వుంటే ఆ బండి నీరు చూసిందన్నమాట. డిక్కీలో స్టెప్నీ గుంట అడుగున వేలు పెట్టి రాయాలి. ఒండ్రు ఎలా వుంటుందో లంక రైతు వేలికి తెలుసు. సీటు జరిగే పట్టాల మీద తుప్పు, లైట్ల అద్దాల లోపల చెమ్మ, తలుపులు వేసి కూర్చుంటే ముక్కవాసన, దాన్ని కప్పడానికి ఘాటైన సెంటు, ఇవన్నీ సాక్ష్యాలే. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ వర్క్‌షాపులో విచారిస్తే ఎప్పుడెప్పుడు సర్వీసు చేశారో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలుసుకునే వీలుంది. 2019లో లక్ష కిలోమీటర్లు వున్న బండి ఇప్పుడు అరవై వేలు చూపిస్తుంటే మీటరు వెనక్కి తిప్పారన్నమాటే.

గాలి సస్పెన్షను పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని సాయంత్రం చదునైన చోట నిలిపి, పొద్దున్నే ఎవరూ స్టార్టు చేయకముందు చూడాలి. ఒక మూల కుంగివుంటే గాలి కారుతోంది.

యానాం చిరునామా

బ్రోకరు చెప్పే రెండో ఆకర్షణ నంబరు ప్లేటు. “పీవై బండండి, పన్ను కలిసొచ్చింది” అంటాడు. గోదావరి దాటితే యానాం. అది పుదుచ్చేరిలో భాగం, అక్కడి నంబరు పీవై 04. పుదుచ్చేరిలో వాహన పన్ను తక్కువ కావడంతో, అక్కడ నివాసమున్నట్టు చిరునామా చూపి ఖరీదైన కార్లు రిజిస్టరు చేయించడం చాలాకాలంగా వుంది. 2017లో కేరళలో కొందరు సినీ ప్రముఖుల కార్ల విషయంలో ఇదే పెద్ద గొడవ అయి కేసుల దాకా వెళ్లింది. నిజంగా యానాంలో కాపురమున్నవారు అక్కడ రిజిస్టరు చేయించుకోవడంలో తప్పు లేదు. అమలాపురంలో తిరిగే బండికి యానాం అరుగు చిరునామా చూపడమే చిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ వుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. దొరికినప్పుడు కట్టవలసింది పాత యజమాని కాదు.

ఢిల్లీ బండ్ల కథ మరొకటి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కోర్టు కొంత సడలించింది. ఆ పదేళ్లలో అక్కడ చెల్లని పెద్ద డీజిల్ కార్లు చవకగా ఇతర రాష్ట్రాలకు వచ్చాయి. బండి మంచిదే కావచ్చు. కాని అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, చేతికి రానిదే డబ్బు ఇవ్వకూడదు. ఇక్కడి పన్ను, రిజిస్ట్రేషను ఖర్చు కలుపుకుంటే చవక ఎంతవరకు మిగులుతుందో ముందే కాగితం మీద వేసుకోవాలి. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని రుసుము కారుకు 5,000 రూపాయలు, విదేశం నుంచి దింపిన కారుకు 40,000.

యజమాని పేరు మారడానికి ఫారం 29, 30 కావాలి. ఫైనాన్సు తీరివుంటే ఫారం 35. బండిమీద అప్పుందా, బీమా ఎప్పటిదాకా, చేతులు ఎన్ని మారింది అన్నవి ప్రభుత్వ పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే చాలావరకు తెలుస్తాయి. చదువుకునే పిల్లలెవరైనా చూసి చెబుతారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్‌సీతో సరిపోల్చుకోవడం పాత పద్ధతే. ఇప్పటికీ పనికొస్తుంది.

కొనేవాడి సంగతి ఇలా వుంటే, ఉన్న కారు అమ్మేవాడు కూడా ఒకటి మరిచిపోతుంటాడు. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకరు చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోతాడు. పేరు మారకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే, రికార్డులో ఎవరి పేరుంటే నష్టపరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. నాలుగు చేతులు మారినా సరే. రెండు లక్షలకు అమ్ముకున్న పాత కారు తోట మీదికి తెచ్చే ప్రమాదం అది.

కొబ్బరిచెట్టు కింద

అన్నీ సవ్యంగా వున్న కారే దొరికిందనుకుందాం. దాన్ని పెట్టేదెక్కడ? పొడుగు ఎస్ క్లాసు ఐదు మీటర్లు దాటుతుంది. అంబాసిడర్ నాలుగుంబావు మీటర్లే. గడియారస్తంభం సెంటరులో దాన్ని మలుపుతిప్పడం ఒక ఎత్తు, కాలవ మీద చిన్న వంతెన దాటి వీధిలోకి దింపడం ఒక ఎత్తు. అడుగు నేలకు దగ్గరగా వుంటుంది. పంచాయతీవారు ఇష్టం వచ్చినంత ఎత్తున పోసిన స్పీడు బ్రేకర్లు దాని అడుగును గీరకుండా వదలవు. కొన్ని కార్లలో స్టెప్నీయే వుండదు. ఆ సైజు టైరు అమలాపురంలో అడిగితే తెప్పించాలంటారు.

నీడ కోసం చెట్టుకింద పెడితే పైనుంచి కాయో, మట్టో పడుతుంది. ఈ కార్లకు పైకప్పు సగం అద్దమే. ధాన్యం వున్న ఇంటి పక్కన పెడితే ఎలుక లోపలికి దూరి వైర్లు కొరుకుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు వూళ్లలో వుప్పుగాలికి ఇంటి కిటికీ చువ్వలే నిలవవు. కారు అడుగు సంగతి చెప్పనక్కరలేదు.

డీజిల్ అయితే మరో ఇబ్బంది. కొత్త రకం డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ వంటిది వుంటుంది. బండి అప్పుడప్పుడు హైవే మీద వేగంగా, ఎక్కువసేపు నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. అమలాపురం నుంచి అంబాజీపేటకు, ముక్తేశ్వరానికి నెమ్మదిగా తిరిగే కారులో అది మూసుకుపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ కార్లలో చాలావాటికి యూరియా ద్రావకం కూడా పోయాలి. చేలో చల్లే యూరియా కలిపితే సరిపోతుందనుకునేరు. శుద్ధి చేసినది వేరే అమ్ముతారు. అది పూర్తిగా అయిపోతే ఇంజను మళ్లీ స్టార్టు కాదు.

బీమాలో కూడా చూడవలసింది వుంది. నీళ్లలో ఆగిన బండిని స్టార్టు చేస్తే ఇంజనులోకి నీరు లాగి పాడవుతుంది. ఇంజను రక్షణ అని విడిగా ప్రీమియం కట్టనివారికి సాధారణంగా ఆ నష్టం రాదు. లంకవారు దీనికి వెనకాడకూడదు. పాత కారు కొన్నవారు 14 రోజుల్లోగా బీమా తమ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమానికి వున్న నోక్లెయిము రాయితీ అతనితోనే పోతుంది.

భద్రత కోసం పెద్ద కారు అనే మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు ఏబీఎస్, గాలిసంచులు చిన్న కార్లలో కూడా తప్పనిసరి అయ్యాయి. ప్రమాదం జరిగిన పాత పెద్ద కారులో పేలిపోయిన గాలిసంచి స్థానంలో ఏమీ పెట్టకుండా మూత బిగించి అమ్మేవారూ వున్నారు. తాళం తిప్పగానే గాలిసంచి దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దీపమే పీకేశారని అనుమానించాలి.

మన రైతు ఏం చేయాలి? ఒక్కరోజు వూరేగింపుకైతే టాక్సీ పర్మిటు వున్న పెద్ద కారు కాకినాడ నుంచో, రాజమండ్రి నుంచో అద్దెకు మాట్లాడుకోవచ్చు. పెళ్లివారు దిగేది ఎస్ క్లాసు నుంచే అవుతుంది, దాని జల్లెడ, గాలిసంచి బాధ అద్దెకిచ్చినవాడిది అవుతుంది. రాకపోకలకు అయితే 15 లక్షల్లో కొత్త కారు గ్యారంటీతో వస్తుంది, మిగతా 15 లక్షలు అమ్మాయి పేర వుంటాయి. అయినా పెద్ద కారే కావాలన్న కోరిక తీరకపోతే, ధర ఎంతవుందో అంతలో పదోవంతుకు తగ్గకుండా ఏటా రిపేర్లకు పక్కన పెట్టుకోగలడా అని చూసుకోవాలి. పెట్టుకోగలిగితే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. ఇష్టమైన వస్తువు వాడుకోవడానికేగా సంపాదన.

పెట్టుకోగలడో లేదో తేల్చుకునేలోగా బ్రోకరును ఒకటి అడగవచ్చు. “బండి ఈ రాత్రికి మా వాకిట్లో వుంచండి. పొద్దున్నే చూసి మాట్లాడుకుందాం.”

“ఆయ్, ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని రావులపాలెంలో కూర్చున్నాడండి” అని బ్రోకరు కదిలిపోతే, పొద్దున దాకా ఆగనక్కరలేదు.